కామాల మధ్య పల్లకి

మా ఇల్లు పోయింది గానీ సామాను మిగిలింది. గోపాలపూర్ వెళ్లే దారిలో ఉన్న మా వంశపు భవనాన్ని కొన్నవాడు గోడలు తట్టి చూసుకున్నాడు, కిటికీలు తెరిచి చూసుకున్నాడు, లోపలి సామాను మాత్రం వద్దన్నాడు. అదంతా లారీలెక్కి బరంపురం వచ్చి, మేం కాపురముంటున్న మూడు గదుల వాటాలో దిగింది. ఊరంతటికీ పులిహోర కలపగల గంగాళాలు, దర్బారు కుర్చీలు, తివాసీలు, వెండి పన్నీరు బుడ్లు, ఒక పల్లకి.

అప్పటినుంచి మేం ఇంట్లో కాదు, సామాను సందుల్లో ఉంటున్నాం. గంగాళంలో బియ్యం బస్తా ఉండేది. దర్బారు కుర్చీలో ఇస్త్రీకి వెళ్లవలసిన బట్టలు కొలువుదీరేవి. గాజు దీపాల గుత్తిని వేలాడదియ్యడానికి పైకప్పు ఎత్తు చాలక నేలమీదే కూర్చోబెట్టాం. దాని చుట్టూ మేం భోజనాలు చేసేవాళ్లం. పల్లకి ముందుగదిలో ఉండేది. పల్లకిలో మా మేనత్త ఉండేది.

మేనత్త అంటే నాన్నగారి అక్క, మా వంశంలో మిగిలిన ఆఖరి పెద్ద. మధ్యాహ్నం భోజనం కాగానే పల్లకిలోకెక్కి తెర దించుకుని పడుకునేది. పడుకున్నదే తప్ప నిద్రపోయినట్టు దాఖలా లేదు. టెలిఫోను పల్లకి పక్కనే ఉండేది కాబట్టి ఇంట్లో రహస్యమంటూ ఏమీ ఉండేది కాదు. మనం ఏదో మాట్లాడుకుంటుంటే తెర వెనకనుంచి తీర్పు వచ్చేది.

బరంపురంలో పెళ్లిళ్లవాళ్లకి మా సామాను సంగతి తెలిసి, వచ్చి అడగడం మొదలుపెట్టారు. మా ఇంట్లో 'అద్దె' అన్న మాట పలకకూడదు. సామాను మేం 'పంపుతాం'. అది తిరిగొచ్చేటప్పుడు దానితోపాటు ఒక పళ్లెం వస్తుంది, పళ్లెంలో తమలపాకులుంటాయి, ఆకుల కింద ఏదో ఉంటుంది. దాన్ని తాంబూలం అంటాం. ఆ తాంబూలంలోంచే పాలవాడికీ, కరెంటుకీ, ఇంటాయనకీ ఇచ్చేవాళ్లం. ఇంటాయన మాత్రం తన వాటాని అద్దె అనే అనేవాడు. ఆయన పెంపకం అలాంటిది.

పల్లకి పంపడానికి మేనత్త ఒక షరతు మీద ఒప్పుకుంది. గోపాలపూర్ బీచిలో హోటలున్న ఒకాయన ఆ పల్లకిని కొని తన హోటలు వాకిట్లో పెట్టుకోవాలని చాన్నాళ్లుగా తిరుగుతున్నాడు. అత్త అతన్ని కాదనలేదు, ఔననలేదు. ఆగమంది. నాతో ఇలా అంది:

"పల్లకి వెళ్లి రావచ్చు. కానీ ఈ ఇంటినుంచి వెళ్లిన మాట ఒక్కటి తప్పినా సరే, ఆ హోటలాయనకి కబురు పెట్టేస్తాను. మాట నిలబెట్టుకునే ఇంట్లో ఉంటేనే అది పల్లకి. లేకపోతే చెక్క సామాను. చెక్క సామానుకి హోటలే తగిన చోటు."

మా భవనం వెళ్లినప్పుడు నేను కంటతడి పెట్టలేదు. తోటలు వెళ్లినప్పుడు లెక్కచెయ్యలేదు. కానీ ఆ పల్లకి ఎవడి హోటలు వాకిట్లోనో నిలబడి, వచ్చేపోయేవాళ్లు దానిమీద తడిసిన తువ్వాళ్లు ఆరేసుకుంటారన్న ఊహ నాకు వెన్నులో దిగేది. నా వెన్ను మా తాతగారి వెన్ను. వంగదు.

ఇక మా ఆవిడ సంగతి చెప్పాలి. కొడల అనే ఊళ్లో కిరాణా కొట్టువాళ్ల అమ్మాయి. బరంపురంలో కంప్యూటర్లు నేర్పే ఒకచోట డేటాబేసు పాఠం చెప్పేది. అక్కడ క్లాసులో పుస్తకాల తెలుగూ ఇంగ్లీషూ మాట్లాడినా, ఇంటికొస్తే కొడల మాటే. ఈ సంబంధం గురించి అత్త ఒక్కమాటే అంది: "చదువుంది. ఇంట్లోకి ఉప్పుకీ పప్పుకీ లోటుండదు. కానివ్వండి." పెళ్లయిన కొత్తలో నేను కొడల వెళితే, మా బావమరిది నన్ను కొట్లోకి తీసుకెళ్లి, బెల్లం బస్తా దులిపి, దానిమీద కూర్చోబెట్టాడు. కొట్లో అంతకంటే మంచి ఆసనం లేదు, వాడి దృష్టిలో అది మర్యాదే. ఆ తర్వాత కొడల ప్రయాణం ఎప్పుడొచ్చినా నాకు బరంపురంలో ఏదో ఒక పని ఉండేది.

ఆ కంప్యూటరు కేంద్రంవాళ్లు కొత్త యంత్రాలు తెచ్చుకుంటూ పాతదొకటి పారేస్తుంటే, మా ఆవిడ దాన్ని రిక్షాలో ఇంటికి తెచ్చింది. దర్బారు కుర్చీకెదురుగా, తిరగేసిన గంగాళంమీద అది వెలిసింది. సామాను ఎక్కడికెళ్లిందో, ఎప్పుడొస్తుందో నేను నోటి లెక్కన నడుపుతున్నాను కాబట్టి, ఇది నేర్చుకోమని కూర్చోబెట్టింది.

ఒక పూట నేర్చుకున్నాక ఇక చాలనిపించింది. సొంతంగా ఒక టేబుల్ కట్టాను. ఒక్కొక్క పెళ్లికి ఒక్కొక్క వరస. తేదీ, ఊరు, పిలిచినవారు, తాంబూలం. ఆఖరి కాలమ్‌కి 'వస్తువులు' అని పేరుపెట్టి, ఆ పెళ్లికి ఏమేం పంపాలో అన్నీ ఒకే గడిలో కామాలు పెట్టి వరసగా రాశాను. తెలుగు అక్షరాలు అప్పటికి ఆ పెట్టెలో లేవు. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాశాను. చూడ్డానికి నిండుగా ఉంది, పెళ్లిపందిట్లో పంక్తిలా.

మా ఆవిడ వచ్చి, నా భుజంమీదుగా చూసింది.

"ఏటిది?"

"వస్తువులు."

"ఒక గడిలో ఇన్నా?"

"పెళ్లి ఒకటే కదా!"

"పెళ్లి ఒకటే. వస్తువులు ఒకటి కాదు గదండీ. ఒక గడిలో ఒకటే ఉండాల. పెళ్లిళ్లకొక టేబులు, వస్తువులకొక టేబులు. ఏ పెళ్లికి ఏ వస్తువెల్లిందో రాసుకోడానికి ఆ రెండిటి మద్దిన ఇంకొకటి. దీన్ని ముక్కలు సెయ్యండి."

ఆ చివరి మాట నాకు గుచ్చుకుంది. మా వంశం ముక్కలవల్లే చెడింది. తాతగారి తరంలో పొలాలు పంచారు. నాన్నగారి తరంలో పంపకానికొచ్చిన పెద్దమనుషులు బావిని కూడా పంచారు, పొద్దున ఒకరికి, సాయంత్రం ఒకరికి. జత చామరాల్లో ఒకటి మా పినతాతగారి వాటాకి పోయింది. పురుషోత్తంపూర్‌లో ఆయన ఆ ఒంటి చామరంతో ఈగలు తోలుకుంటూ కాలం గడిపారు. మాకు రెండు పల్లకీలుండేవి. రెండోది వాళ్ల వాటాకే వెళ్లింది. వాళ్లు దాన్ని కోళ్లగూడు చేశారు.

"ఈ ఇంట్లో ఇక ముక్కలు కుదరవు," అన్నాను. "నా టేబులు ఉమ్మడి."

"ఉమ్మడైతే ఉండనీండి. పల్లకి ఏయే రోజులు బయటికెల్లిందో రేపు ఎలాగ అడుగుతారు?"

"అడుగుతాను. అది చెబుతుంది."

"మా కొట్లో కందిపప్పూ, బెల్లం, ఉప్పూ ఒకటే డబ్బాలో పోసేసి, 'బెల్లం ఎంతుందే?' అని అడిగితే డబ్బా సెప్తాదేటి?"

"మీ కొట్టు వేరు, మా దివాణం వేరు."

"బాగా చెప్పావు," అంది పల్లకి.

మొదటిసారి అడిగినప్పుడు కంప్యూటరు నన్ను నిరాశపరిచింది. వస్తువుల గడిలో ఎక్కడ 'పల్లకి' అన్న మాట కనబడినా ఆ వరస చూపించమన్నాను. పల్లకి వెళ్లిన పెళ్లిళ్లు వచ్చాయి. వాటితోపాటు పల్లకి పరుపూ వచ్చింది. దాన్ని ఒక బ్యాంకు ఆఫీసరుగారు నడుం పట్టేసి పంపించమంటే పంపాం. పల్లకి గొడుగొచ్చింది. పల్లకి ఇత్తడి తోమే బ్రష్షు కూడా వచ్చింది. యజమానిని పిలిస్తే నౌకర్లందరూ వచ్చి వాకిట్లో నిలబడ్డట్టుంది. నాకు ఇలాంటి గుంపులు నచ్చవు. ప్రశ్నని బిగించాను. వస్తువుల గడి 'పల్లకి'తో సమానంగా ఉన్న వరసలే చూపించమన్నాను. వెంటనే జాబితా చిక్కిపోయి, పొందిగ్గా రెండు మూడు వరసలు మిగిలాయి. జవాబంటే అలా ఉండాలి అనుకున్నాను. మా ఆవిడని అడగలేదు. అడిగితే మళ్లీ ముక్కలంటుంది.

మాఘమాసంలో ఒక దివ్యమైన ముహూర్తం పడింది. ఆ ఒక్క పొద్దుటికే బరంపురం చుట్టుపక్కల పెళ్లికావలసినవాళ్లందరూ కాచుకుని ఉన్నట్టున్నారు. సామానుకోసం జనం వస్తూనే ఉన్నారు.

అప్పుడే చేపలమ్మే ఆవిడ వచ్చింది. గోపాలపూర్ మనిషి. మా భవనం ఉన్న రోజుల్లో వాళ్లమ్మ చేపలు తెచ్చేది, ఇప్పుడీవిడ వారానికోసారి బస్సులో బరంపురం వచ్చి, ముందు మా పెరటి గుమ్మంలోనే గంప దించుతుంది. నన్ను నిక్కరుతో చూసిన మనిషి కనక 'నువ్వు' అంటుంది. నేను అడ్డుచెప్పను. చందువా చేపలు తూచాక, చేతులు కొంగుకి తుడుచుకుని అంది:

"బాబూ, మా గుంట పెళ్లి కుదిరినాది. పల్లకి కావాల."

"పిల్ల పెళ్లికి ఇంకేం కావాలి? గంగాళాలు, తివాసీ, పన్నీరు బుడ్లు?"

"ఏటీ ఒద్దు. మీ గంగాళం తోమాలంటే మా వూరు సాలదు. పల్లకి సాలు."

రోజు చెప్పింది. అదే మాఘమాసపు ముహూర్తం. కంప్యూటర్ని అడిగొస్తానని ఆవిడతో చెప్పి, లోపలికెళ్లి అడిగాను. ఆ రోజున 'పల్లకి'తో సమానమైనదేదీ లేదంది. తెర ఖాళీ. మళ్లీ గుమ్మంలోకొచ్చి, చెయ్యి గుండెమీద పెట్టుకుని, "పల్లకి వస్తుంది. ఇది దివాణం మాట," అన్నాను.

"మాటిచ్చావు. విన్నాను," అంది పల్లకి.

పెళ్లి ఇంకా నాలుగు రోజులుందనగా ఫోను మోగింది. బరంపురంలో పట్టుచీరల వ్యాపారి ఒకాయన. కొడుకు పెళ్లికి ఆయన ఎప్పుడో వచ్చి మాట తీసుకున్నాడు. మాట్లాడేది తెలుగే అయినా సగం ఒడియా కలిసి ఉంటుంది.

"ఆజ్ఞా, నమస్కారం. పాలింకి ఎన్ని గంటలకి పంపుతున్నారు? బాజావోళ్లు అడుగుతున్నారు."

"ఏ పల్లకి?"

"మీ ఇంట్లో ఎన్ని పాలింకీలున్నాయాజ్ఞా?"

ఆయన వరస తెరిచి చూశాను. ఉంది. గంగాళాలు, కామా, దర్బారు కుర్చీలు, కామా, పల్లకి, కామా, తివాసీ. గోపాలపూర్ బస్సులో ఇద్దరు స్థూలకాయుల మధ్య ఇరుక్కున్న ప్రయాణికుడిలా, రెండు కామాల మధ్య నలిగి, ఎవరికీ కనపడకుండా కూర్చుని ఉంది మా పల్లకి.

ఫోను పెట్టేశాను. పల్లకి తెర కదిలింది.

"రెండిళ్లకా?" అంది మేనత్త.

నేను ఆ వరసలో కామాలు లెక్కపెడుతూ కూర్చున్నాను.

సాయంత్రం మా ఆవిడ వచ్చి కంప్యూటరు తెరమీద ప్రశ్న చదివింది. నేను ముందే చెప్పాను కదా అంటుందేమోనని సిద్ధంగా కూర్చున్నాను. అనలేదు. అంతకంటే ఘోరంగా, పాఠం చెప్పింది.

"సమానం అని అడిగారు గదా?"

"అడిగాను."

"అంటే పల్లకి ఒక్కత్తే ఎల్లిన పెళ్లిళ్లు సూపించమన్నట్టు. అదే సూపించినాది. గంగాళంతో కలిసెల్లింది పల్లకి కాదా అని దానికెలా తెలుస్తాది? దానికి మీ గడంతా కలిపి ఒకటే మాట. దీని తప్పు నేదు."

"తప్పెవరిదని నేనడగలేదు," అన్నాను. నా ఉద్దేశం, ఆ విషయం మాట్లాడకుండా ముందుకి వెళదామని.

ముందుకి వెళ్లే దారి మేనత్త చూపించింది. పల్లకిలోంచి కాళ్లు కిందికి పెట్టి, నిండుగా కూర్చుని తీర్పు చెప్పింది.

"ముందిచ్చిన మాట ముందు. పల్లకి పట్టుచీరలాయనకి వెళుతుంది. రెండో మాట నిలిచిందో పోయిందో చెప్పవలసింది ఇచ్చిన నువ్వు కాదు, పుచ్చుకున్నావిడ. వెళ్లి ఆవిడకి నీ నోటితో చెప్పు. పెళ్లయ్యాక ఆవిణ్ణి నేనడుగుతాను. పోయిందన్నదా, హోటలాయనకి కబురే."

పురుషోత్తంపూర్ కోళ్లగూడు ఒకసారి నా మనసులో మెదిలింది. కానీ దానిలో పెళ్లికూతుర్ని కూర్చోబెడితే, ఆ వాసన సంసారం పొడుగునా ఉంటుంది.

మర్నాడు గోపాలపూర్ బస్సెక్కాను. దారిపొడుగునా ఒక వాక్యం తయారుచేసుకున్నాను. మా వంశంలో ఎవరూ ఎవరికీ క్షమాపణ చెప్పినట్టు నేను వినలేదు. అందుకని ఆ వాక్యానికి నమూనా దొరకలేదు, మొదటినుంచీ నేనే కట్టుకోవలసి వచ్చింది. ఇసకలో నా బూట్లు నిండిపోయాయి. నావల పక్కన ఆడవాళ్లు చేపలు ఏరుతున్నారు. ఆవిడ వాళ్ల మధ్యనుంది. నన్ను చూసి లేవబోయింది. వద్దని, నిటారుగా నిలబడి మొదలుపెట్టాను.

"అమ్మా, మా వంశంలో ఇంతవరకూ ఆడినమాట..."

"వంశం తర్వాత సెప్పు బాబూ. ఏటైనాది?"

"పల్లకి రాదు. అంతకుముందే వేరేవాళ్లకి మాటిచ్చి ఉన్నాను."

పక్కావిడ ఊరుకోలేదు. "ఏటే, దివాణపోళ్ల కంపూటరు సెప్పినాదన్నావు?"

"కంపూటరికేటి, పెళ్లా పెటాకులా," అంది ఇంకొకావిడ. "ఎవురికి కావలిస్తే ఆళ్లకి 'ఊఁ' అంటాది."

"మా ఆయనా అంతే."

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. పెళ్లికూతురి తల్లీ నవ్వలేదు. చేతిలో చేపని గంపలో పెట్టి, నావైపు తిరిగింది.

"నాకు పల్లకి మీద మోజేటి నేదు బాబూ," అంది. "నా సిన్నప్పుడు మాయమ్మ గంప నెత్తినెట్టుకుని మీ దివాణానికొచ్చీది. ఎనకాల నాను. దార్లో మీ పల్లకి ఒచ్చీది. పల్లకి ముందల వెండి కర్రోడు 'తప్పుకోండి, తప్పుకోండి' అనుకుంటా నడిసీవోడు. మాయమ్మ గంపతోటి రోడ్డు దిగి బురదలో నిలబడీది. లోపట ఎవురున్నారో మాకెప్పుడూ అగపడ్నేదు. కర్రోడే అగపడీవోడు. నా గుంట ఎల్తంటే దారి తప్పుకోవాల. అందుకే అడిగినాను."

బస్సులో కట్టుకొచ్చిన వాక్యాన్ని అక్కడే ఇసకలో వదిలేశాను.

ఆవిడే తేల్చింది. "కూకోడానికి మా సిన్న నావుంది. రోజూ బుజాలమీద ఒడ్డుకి మోసుకొస్తారు, ఓ పూట గుంటని కూకోబెట్టి మోస్తే ఏటైపోద్ది? కర్రోడే కావాల. ఆడు మాత్రం మీ ఇంటోడే అవ్వాల."

"మా వెండి బెత్తం పంపుతాను," అన్నాను.

"బెత్తం నడుస్తాదా బాబూ?"

ఈసారి ఆవిడ కూడా నవ్వింది.

మా వంశంలో పల్లకి లోపల కూర్చున్నవాళ్లు చాలామంది. ముందు నడిచినవాళ్లు ఒక్కరూ లేరు. ఆ మాటే అందామని నోరు తెరిచాను. కళ్లముందు హోటలు వాకిలి, దానిలో మా పల్లకి, పల్లకిమీద తడి తువ్వాలు కనబడ్డాయి.

"వస్తాను," అన్నాను.

ముహూర్తంనాటి పొద్దున్నే పల్లకి గంగాళాలతో కలిసి చిన్న వ్యానులో పట్టుచీరలాయన ఇంటికి వెళ్లింది. నేను తాతగారి జరీకోటు తొడుక్కుని, వెండి బెత్తం పట్టుకుని, బస్సులో గోపాలపూర్ వెళ్లాను. కోటు కలరా ఉండల వాసన కొడుతోంది. బొత్తాలు పట్టలేదు. కండక్టరు బెత్తానికి లగేజీ కొడదామా వద్దా అని ఆలోచించి, నా ముఖం చూసి మానేశాడు.

నావకి కొత్తగా రంగు వేశారు. అంచులన్నీ బంతిపూలు. లోపల పరుపు వేసి పెళ్లికూతుర్ని కూర్చోబెట్టారు. కింద బొంగులు దూర్చి, దిట్టమైన మనుషులు భుజాలకెత్తుకుని, వల లాగేటప్పుడు పాడే పాట అందుకున్నారు. నేను ముందు నిలబడి బెత్తం ఎత్తాను.

"కాస్త దయచేసి... తప్పుకుంటారా..."

వెనకనుంచి, పైనుంచి, పెళ్లికూతురి గొంతు. "బాబూ, గట్టిగా! మీరు దారి అడుగుతన్నట్టుంది!"

ఊపిరి నిండా పీల్చుకుని అరిచాను. "తప్పుకోండి!"

అది నా గొంతేనా అని నాకే అనుమానం వచ్చింది. ఎక్కడో తాతల కాలంనుంచి మూటకట్టి ఉన్నది ఒక్కసారి విప్పుకున్నట్టు వచ్చింది. ఐసు బండి పక్కకి జరిగింది. ఆటోలు జరిగాయి. కలకత్తానుంచి సముద్రం చూడ్డానికొచ్చిన ఒక కుటుంబం గోడకి అతుక్కుంది. ఒక ఆవు మాత్రం కదల్లేదు, దాని చుట్టూ మేమే తిరిగాం. బీచి రోడ్డు మలుపులో ఆ హోటలాయన తన గేటు ముందు, రోడ్డు నడిబొడ్డున, ఎవరో అతిథికి దారి చూపిస్తూ నిలబడి ఉన్నాడు. నన్ను చూసి, "అరే, తమరా!" అని చేతులు జోడించబోయాడు.

"తప్పుకోండి!" అన్నాను.

ఆయన గబుక్కున పక్కకి దూకి ఇసకలో దిగాడు. చెప్పు ఒకటి రోడ్డుమీదే ఉండిపోయింది.

అప్పుడొకసారి వెనక్కి చూశాను. నావ వెనక పెళ్లికూతురి తల్లి నడుస్తోంది. నెత్తిన గంప లేదు. రెండు చేతులూ ఊపుకుంటూ, రోడ్డుకి సరిగ్గా మధ్యన నడుస్తోంది.

వారం తిరక్కుండా ఆవిడ గంపతో మా పెరట్లోకి వచ్చింది. అత్త ఆవిణ్ణి ముందుగదిలోకి పిలిపించింది. అంతకుముందెప్పుడూ చేపలమనిషి ముందుగదిలోకి రాలేదు. పల్లకి తెర పూర్తిగా తీసి, అత్త ఎదురుగా కూర్చుంది. నేను దర్బారు కుర్చీలో, బట్టల పక్కన. మా ఆవిడ కంప్యూటరు ముందు.

"మావాడు నీకొక మాటిచ్చాడు," అంది అత్త. "నిలిచిందా?"

"పల్లకి అడిగినాను తల్లీ. రానేదు."

అత్త చెయ్యి టెలిఫోనుమీద ఆనింది.

"పల్లకి రానేదు గానీ, దారి ఒచ్చింది," అంది ఆవిడ. "ఆటోలు పక్కకెల్లిపోనాయి. ఐసుబండి దిగిపోనాది. ఆ హోటలు బాబు కూడా దిగినాడు."

"ఏ హోటలు బాబు?" అంది అత్త.

"బీచి కాడ పెద్ద హోటలాయన. ఇసకలోకి దూకినాడు తల్లీ. సెప్పు వదిలేసి."

మేనత్త చెయ్యి టెలిఫోనుమీంచి మెల్లిగా జారింది. అత్త నవ్వగా నేను చూడటం అదే మొదలు. చప్పుడు లేదు, పల్లకి మాత్రం ఊగింది.

"ఒక్క చెప్పా, రెండూనా?" అని అడిగింది.

"ఒక్కటే."

"అయితే కబురు పెట్టక్కర్లేదు," అంది. "ఈ పూట వంజరం రెండు ముక్కలు ఎక్కువ తీసుకోండి."

ఆ సాయంత్రం నేనే మా ఆవిడ దగ్గరికి కుర్చీ లాక్కున్నాను. "ముక్కలు చెయ్యి," అన్నాను.

నా టేబులు కళ్లముందే విడిపోయింది. పెళ్లిళ్లు ఒకవైపు వెళ్లాయి, వస్తువులు ఒకవైపు. కామాలన్నీ రాలిపోయాయి. ఒక్కొక్క వస్తువూ తన వరసలో తాను ఒంటరిగా నిలబడింది. నాకు బావి గుర్తొచ్చింది, ఒంటి చామరం గుర్తొచ్చింది. కానీ ఆ రెండిటి మధ్యా మా ఆవిడ ఇంకో చిన్న టేబులు కట్టి, ఏ పెళ్లికి ఏ వస్తువో ఒక్కొక్క జతా దానిలో రాసింది. పల్లకి గురించి అడిగితే పల్లకి వెళ్లిన పెళ్లిళ్లన్నీ వచ్చాయి, పరుపూ గొడుగూ రాలేదు. పెళ్లి గురించి అడిగితే దాని సామానంతా కలిసి వచ్చింది. పంచుకున్న తర్వాత కూడా పిలిస్తే కలిసొచ్చే కుటుంబాన్ని నేను చూడటం అదే మొదటిసారి.

వస్తువుల టేబులు అడుగున మా ఆవిడ కొత్త వరస కొడుతోంది. చదివాను. 'దివాణం బాబు, వెండి బెత్తం.' గోపాలపూర్ ఊరేగింపు చూసినవాళ్లు అప్పటికే ఇద్దరు ఫోను చేసి, పల్లకి లేకపోయినా ఫరవాలేదు, ముందు నడిచే బాబు కావాలన్నారు.

నన్ను వస్తువుల్లో రాసినందుకు కోపం రావలసింది. వేరే సంగతి కంటబడింది.

"అలా రాయకూడదు," అన్నాను. "బెత్తం ఒక వస్తువు, నేనొకణ్ణి. ఒక గడిలో ఇద్దరం ఉండకూడదు."

మా ఆవిడ నావైపు తిరిగి, పెళ్లయ్యాక ఎన్నడూ చూడనంత ప్రేమగా చూసింది. "ఇప్పటికొచ్చింది సదువు," అని నన్నూ బెత్తాన్నీ విడదీసింది. "ఇప్పుడు మీరు ఏయే రోజుల్లో ఎక్కడుండాలో అడగండి సూద్దాం."

అడిగాను. మూడు వరసలొచ్చాయి. రెండు ఫోనువాళ్లవి. మూడోది కొడల. గృహప్రవేశం. పిలిచినవారు మా బావమరిది. తాంబూలం గడి ఖాళీ.

"ఇదెప్పుడు పెట్టావు?"

"ఇందాకే. ఆ రోజు మీరు కాళీయో కాదో ముందు సూసుకున్నాను."

"ఆ రోజు నాకు పనుంది."

"ఏ పనో రాసి లేదు గదండీ ఇందులో."

"ఏమిటక్కడ?" అంది పల్లకి.

"కొడల గృహప్రవేశానికి ఈయన రాసిపెట్టి ఉన్నారు అత్తయ్యగారూ. ఇప్పుడు పనుందంటన్నారు."

తెర వెనకనుంచి ఆవులిస్తూ తీర్పు వచ్చింది. "రాసిపెట్టి ఉంటే వెళ్లవలసిందే. కోటుకి బొత్తాలు జరిపి కుట్టించుకో."

కొడల వెళ్లాను. కొత్తింటి గుమ్మంలోకి ఆవుని తోలుకెళుతుంటే ముందు నేనే నడిచాను. "తప్పుకోండి" అని అరిచాను. పిల్లలూ పెద్దలూ తప్పుకున్నారు, ఈసారి ఆవు కూడా నా మాట విన్నది. భోజనాలయ్యాక బావమరిది నన్ను కొట్లోకి తీసుకెళ్లి, చుట్టూ చూసి, బెల్లం బస్తా దులిపాడు.

కూర్చున్నాను. బెల్లం బస్తాకి వీపు ఆనించుకునే చోటు ఉండదు. అందుకేనేమో, కూర్చున్నంతసేపూ నా వెన్ను నిటారుగానే ఉంది.